సత్తా ఉంటే చాలా, అదృష్టమూ కలిసి రావాలా?

పాతరికార్డు:
గొంతులో సత్తా ఉంటే ఎప్పటికైనా పైకొస్తారంటారు. నేను నమ్మను. అమెరికన్ గాయకుడు రోడ్రిగ్జ్‌నే తీసుకోండి. 1970, 71లలో అమెరికాలో రెండు ఆల్బమ్‌లు చేశాడు. అక్కడ ఎవరూ కొనలేదు, కంపెనీ వదిలేసింది, కూలిపనికి పోయాడు. అవే పాటలు దక్షిణాఫ్రికాలో ఊరూరా మోగాయి. ఆ ముచ్చట ఆయనకు 1990ల చివర్లో గానీ తెలియలేదు! సత్తా ఒక్కటే అయితే ఇంత తేడా ఎందుకొచ్చినట్టు?

శ్రుతిబాక్స్:
ఒక్కడి కథతో సిద్ధాంతం కట్టేస్తే ఎలాగండీ? ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్‌ని 1962లో డెక్కా అనే రికార్డు కంపెనీ వద్దంది. ఆ ఏడాదే ఇంకో కంపెనీ ఈఎంఐలో నిర్మాత జార్జ్ మార్టిన్ తీసుకున్నాడు. అప్పటికే వాళ్లు జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రిళ్లు గంటల తరబడి వాయించి రాటుదేలి ఉన్నారు. అవకాశం ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు, సిద్ధంగా ఉండటం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

లెక్కలపిచ్చి:
దీని మీద ప్రయోగమే జరిగింది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించారు. పెద్దగా ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48, వినేవాళ్లు 14,000 పైచిలుకు. వాళ్లలో కొందరిని ఎనిమిది గుంపులు చేసి, ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో తమ గుంపు లెక్క మాత్రమే కనిపించేలా పెట్టారు. ఒక గుంపులో మొదటి స్థానం కొట్టిన పాట ఇంకో గుంపులో 40వ స్థానానికి పడిపోయింది. ముందు విన్న నలుగురూ ఎటు మొగ్గితే వెనకాలవాళ్లూ అటే.

శ్రుతిబాక్స్:
అసలు సంగతి దాటేశారు. అదే ప్రయోగంలో బాగా మంచి పాటలు అట్టడుగుకు పోవడం అరుదు, నాసిరకంవి పైకి రావడమూ అరుదే.

లెక్కలపిచ్చి:
ఒప్పుకుంటాను. కానీ ఎక్కువమంది ఉండేది ఆ రెంటికీ మధ్యే కదా! వాళ్ల గతి మాత్రం గాలివాటమే.

మిక్సింగ్‌గది:
హిట్ కొడితే గెలిచినట్టే అని మీరంతా అనుకుంటున్నారు. అమెరికన్ గాయనుల బృందం టీఎల్‌సీ 1995లో, ఆల్బమ్ లక్షల్లో అమ్ముడవుతుండగానే దివాలా పిటిషన్ వేసింది. కారణాలు చాలానే ఉన్నాయి, వాటిలో కాంట్రాక్టూ ఒకటి. లెక్క చూడండి. కంపెనీ ముందే ఇచ్చే అడ్వాన్స్ 100, రాబడిలో గాయకుడి వాటా, అంటే రాయల్టీ, నూటికి 15 అనుకుందాం. ఆ అడ్వాన్స్ తీరేది గాయకుడి వాటాలోంచే. అంటే రాబడి దాదాపు 667 దాటేదాకా చేతికి ఇంకో పైసా రాదు. వీడియో ఖర్చులో కొంత కూడా తరచూ ఆ ఖాతాలోకే తోస్తారు.

పాతరికార్డు:
అలాగైతే అడ్వాన్స్ తీసుకోకుంటే సరి.

మిక్సింగ్‌గది:
తీసుకోకపోతే రికార్డింగ్‌కి డబ్బెవరిస్తారు బ్రదర్? తీసుకోండి, కానీ ఒక్క షరతు వెతకండి: మొదటి ఆల్బమ్ బాకీని రెండో ఆల్బమ్ రాబడిలోంచి కోసుకోవచ్చని రాసుంటుంది. అది కొట్టేయించకుండా సంతకం పెడితే, రెండోది హిట్టయినా మొదటిదాని అప్పు తీరేదాకా ఎదురుచూపులే. టెన్షన్ పడాల్సింది చార్టుల గురించి కాదు, ఆ షరతు గురించి.