చికానో సాహిత్యంలో ఇంట్లో మొదటిసారి కాలేజీకెళ్లే పిల్లలు: అమ్మాయికీ అబ్బాయికీ తేడా ఎక్కడ?

మార్జిన్‌రాతలు:
అమెరికాలోని మెక్సికన్ మూలాల (చికానో) కుటుంబాల్లో కాలేజీ దాకా వెళ్లిన మొదటి తరం గురించి ఎంఏ ప్రాజెక్టు రాస్తున్నాను. రిచర్డ్ రోడ్రిగెజ్ ఆత్మకథ ‘హంగర్ ఆఫ్ మెమరీ’ (1982), సాండ్రా సిస్నెరోస్ నవల ‘ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్’ (1984) పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నా. రోడ్రిగెజ్ బాధంతా చదువు పెరిగేకొద్దీ అమ్మానాన్నలతో మాటలు తగ్గిపోవడం గురించే. సిస్నెరోస్ అమ్మాయిలకు అసలు గడప దాటడమే గండం. మా గైడ్ మాత్రం ఇదంతా వర్గం సమస్యే, జెండర్‌ని విడిగా లాగొద్దంటున్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. పుస్తకాల్లోంచి ఏం చూపిస్తే వాదన నిలుస్తుంది?

పాతపేజీ:
మ్యాంగో స్ట్రీట్‌లో అలీసియా గురించిన చిన్న అధ్యాయం మళ్లీ చదవండి, పేజీ కూడా గట్టిగా ఉండదు. తల్లి చనిపోయింది కాబట్టి తెల్లవారకముందే లేచి టోర్టియాలు (మెక్సికన్ రొట్టెలు) చేసే పని ఈ పిల్ల మీద పడింది. రాత్రంతా చదువుకుంటూ ఎలుకల్ని చూస్తుంది, తండ్రేమో ఎలుకలూ లేవు ఏమీ లేవు, కళ్లు మూసుకుని పడుకో అంటాడు, ఎందుకంటే పొద్దున్నే లేవాలి కదా. ఫ్యాక్టరీలోనో అప్పడాల కర్ర వెనకాలో బతుకు తెల్లారిపోకూడదని రెండు రైళ్లు, ఒక బస్సు మారి యూనివర్సిటీకి వెళ్తుంది. ఫ్యాక్టరీ అంటే వర్గం, సరే. మరి అప్పడాల కర్ర ఎవరి చేతికిచ్చారో మీ గైడ్‌ని అడగండి.

రెండోచదువు:
పాతపేజీ గారు చెప్పింది నిజమే గానీ, జెండర్ అనగానే అమ్మాయిల గురించే అనుకుంటే వాదన సగమే అవుతుంది. రోడ్రిగెజ్ పుస్తకంలో ‘కాంప్లెక్షన్’ అనే అధ్యాయం ఉంది, ఒంటి రంగు గురించి. అక్కడ ఆయన సాహిత్యం, భాష అంటూ పుస్తకాల్లో మునిగిపోవడం వల్ల తను మగతనానికి తగనివాడినయ్యానేమో అని సిగ్గుపడతాడు, ఎందుకంటే మెక్సికన్ కుటుంబాల్లో మగవాడు దృఢంగా, తక్కువ మాటలతో ఉండాలి. వేసవిలో కూలీలతో కలిసి భవన నిర్మాణ పనికి వెళ్తాడు. వాళ్ల ఒళ్లు చూసి ఆశపడతాడు, కానీ తన చేతిలో చదువుంది కాబట్టి ఆ పని తనకు వేసవి వరకే అని తెలుసు. వర్గం, రంగు, మగతనం మూడూ ఒక్క ఒంట్లోనే ఉన్నాయక్కడ. వాటిని విడదీయడం కుదరదని మీ గైడ్ అంటే నేనూ ఒప్పుకుంటా, అందుకని జెండర్‌ని వదిలేయమంటే మాత్రం ఒప్పుకోను.

సరిహద్దుగాలి:
చికానా రచయిత్రి గ్లోరియా అన్‌జల్దువాని వదలకండి. ఆవిడ పుస్తకం ‘బోర్డర్‌ల్యాండ్స్’ (1987) మొదటి భాగంలోనే ఉంటుంది, టెక్సస్ రియో గ్రాండే లోయలో తన కుటుంబం ఆరు తరాల్లో ఊరు విడిచి వెళ్లిన మొదటి మనిషి తనేనని. అంతకన్నా మీకు పనికొచ్చేది ఇంకోటుంది. తమ్ముళ్ల చొక్కాలు ఇస్త్రీ చెయ్యకుండా, అల్మరాలు సర్దకుండా గంటల తరబడి చదువుతూ, రాస్తూ, బొమ్మలు వేస్తూ కూర్చునేదాన్నని రాస్తుంది. అదే ఇంట్లో, అదే పేదరికంలో తమ్ముళ్లకి ఆ ఇస్త్రీ పని లేదు! పైగా ఆవిడ లెస్బియన్, ఇంటికీ సంస్కృతికీ ఎదురు తిరగడంలో అది కూడా భాగమే అని తనే చెప్తుంది, కాబట్టి చదువు ఒక్కదాని కథగా కుదించొద్దు.

మార్జిన్‌రాతలు:
చాలా థాంక్సండీ, చొక్కాల సంగతి కచ్చితంగా వాడుకుంటా. ఒక్క డౌటు, అడ్డుపడేది ఎప్పుడూ తండ్రేనా?

పాతపేజీ:
కాదు. 2002లో వచ్చిన ‘రియల్ విమెన్ హ్యావ్ కర్వ్స్’ సినిమా చూడండి. జోసెఫీనా లోపెజ్ నాటకం నుంచి తీసిందే. అందులో హీరోయిన్ ఆనాకి కొలంబియా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్‌తో సీటొస్తుంది, తండ్రి దీవించి పంపుతాడు, తల్లి కార్మెన్ మాత్రం గది తలుపు తీసి బయటికి కూడా రాదు. తను చిన్నప్పటి నుంచీ కుట్టుపనిలో అరిగిపోయింది కాబట్టి కూతురూ ఆ మిషన్ ముందు కూర్చోవాలనుకుంటుంది. ఆ కోపంలో ఎంత వర్గం, ఎంత జెండర్ అన్నది మీ ప్రాజెక్టులో ఒక అధ్యాయానికి సరిపడా ఉంది.