కంపెనీ యాప్‌లో పేరు లేని సర్వే: ఉద్యోగి నమ్మవచ్చా?

పైడిభీమవరం హెచ్‌ఆర్:
మాది శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ. ఉద్యోగుల మనసులో ఏముందో తెలుసుకోవడానికి ఒక సర్వే జరపమని యాజమాన్యం చెప్పింది. అందరికీ ఆఫీసు సందేశాల యాప్ మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఉంది కాబట్టి అందులోనే మైక్రోసాఫ్ట్ ఫారమ్స్‌తో ప్రశ్నలు పంపి, పేర్లు నమోదు కాకుండా పెడదామనుకున్నాను. మేనేజర్లు సరేనన్నారు. ప్లాంటులో, ల్యాబులో మాత్రం ఎవరిని కదిపినా ఒకటే మాట: "కంపెనీ ఐడీతో లాగిన్ అయ్యాక పేరు తెలియకుండా ఎలా ఉంటుంది మేడమ్?" ఈ పద్ధతి మంచిదేనా, మానుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి ఒడ్డు:
మానుకోండి మేడమ్. నేనూ ఆ చుట్టుపక్కలే, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబులో కెమిస్టుని. ఇదివరకు పనిచేసిన చోట ఇలాంటి సర్వేనే పెట్టారు. మొదట అడిగినవి ఏ విభాగం, ఏ షిఫ్టు, ఎంత అనుభవం అని. మా విభాగంలో బి షిఫ్టుకు వచ్చే ఆడవాళ్లం ఇద్దరమే, అందులో సీనియర్‌ని నేను. ఇక పేరుతో పనేముంది? రాత్రి పదింటికి షిఫ్టు దిగాక బస్సు ఊళ్లోకి రాకుండా హైవే మీదే దించేస్తోందని రాశాను. కొద్ది రోజులకే మా మేనేజరు పిలిచి, "బస్సు సంగతి ముందే నాతో చెప్పి ఉండవచ్చు కదమ్మా" అన్నారు. ఆయన కోప్పడలేదు. బస్సు దారి కూడా మార్పించారు. కానీ ఆ తర్వాతి సర్వేలో నేను అన్నిటికీ "చాలా బాగుంది" అని నొక్కి ఊరుకున్నాను. నా పక్కవాళ్లూ అదే చేశారు.

మూడు లాంతర్లు:
విజయనగరంలో ఒక సంస్థకు ఐటీ అడ్మిన్‌గా పనిచేస్తున్నాను. అసలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను, తర్వాత ఎవరి నిర్ణయం వారిది.

ఫారమ్స్‌లో "మా సంస్థవారే జవాబివ్వాలి" అని పెడితే, పేరు నమోదు చేసే టిక్కు దానంతట అదే పడి ఉంటుంది. మనమే తీసేయాలి. తీసేసి, ఎవరైనా ఒక్కసారే జవాబిచ్చేలా కూడా పెట్టుకోవచ్చు. అప్పుడు ఫలితాలను ఎక్సెల్‌లోకి దించితే పేరు ఉండదు, ఈమెయిల్ ఉండాల్సిన చోట అజ్ఞాత వ్యక్తి అని ఉంటుంది. ఇంతవరకు మేడమ్ అనుకున్నదే. అయితే ఆ వరుసలోనే ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ముగించారు అన్న సమయాలు ఉంటాయి. సి షిఫ్టులో రాత్రి రెండున్నరకు వచ్చిన జవాబు ఎవరిదో ఊహించడం కష్టం కాదు. గూగుల్ ఫారమ్స్‌లోనూ షీటులో సమయం పడుతుంది.

రెండోది ఆడిట్ లాగ్. సంస్థ ఖాతాతో లాగిన్ అయి చేసే పనుల ఆనవాళ్లు అందులో చేరతాయి. మీరు ఏ జవాబు రాశారో అది చెప్పదు. కానీ లాగ్‌లోని సమయాన్ని, ఎక్సెల్‌లోని సమయాన్ని పక్కపక్కన పెట్టే ఓపిక ఎవరికైనా ఉంటే ఇంక దాపరికం ఉండదు. నేను అలా ఎప్పుడూ చేయను. కానీ "చేయను" అన్నది నా మాట, సాఫ్ట్‌వేరు ఇచ్చే హామీ కాదు. ఉద్యోగులకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

సర్వేల కోసమే తయారైన గ్లింట్, కల్చర్ ఆంప్ వంటి వాటిలో ఒక కట్టుబాటు ఉంటుంది. ఒక విభాగంలో ఇంతమందికి తక్కువ జవాబిస్తే ఆ విభాగం ఫలితమే మేనేజరుకు కనబడదు. మామూలుగా ఆ సంఖ్య 5. ఫారమ్స్‌లో అలాంటి అడ్డు లేదు. తయారుచేసినవారికి ప్రతి వరుసా కనిపిస్తుంది. నాగావళి గారికి జరిగింది అదే. అలాగని ఆ ఖరీదైన పరికరాల్లో ఎవరికీ ఏమీ తెలియదనుకోవద్దు. ఎవరు ఏ విభాగమో ఆ వ్యవస్థకు ముందే తెలుసు, బయటకు చూపించదు, అంతే.

చీపురుపల్లి:
నేను స్టాఫ్ నర్సుని. నాగావళి అక్కా, మీ బాధ అర్థమైంది కానీ మానుకోమనడం నాకు నచ్చలేదు. పేరు రాయాలంటే మా ఆసుపత్రిలో ఒక్కరూ నోరు విప్పేవారు కాదు. నైట్ డ్యూటీ గది తలుపుకు లోపల గడియ లేదన్న సంగతి, అడగగా అడగగా పేరు లేని సర్వేలోనే బయటపడింది. మా దగ్గర కంపెనీ లాగిన్ లేదు. నోటీసు బోర్డు మీద క్యూఆర్ కోడ్ అంటించారు, ఎవరి ఫోనులో వారు తెరిచి రాశారు. మేడమ్ గారూ, మీరూ అలా చేయవచ్చు కదా?

మూడు లాంతర్లు:
చేయవచ్చు. లాగిన్ లేని లింకు అయితే ఒకరే పదిసార్లు రాసే ప్రమాదం ఉంది. నన్నడిగితే ఆ ప్రమాదమే మేలు. కాకపోతే సొంత డేటాతో తెరవమనండి, కంపెనీ వైఫైతో కాదు.

నెల్లిమర్ల పెద్దాయన:
జూట్ మిల్లులో పనిచేసి రిటైరైనవాణ్ని. అమ్మా హెచ్‌ఆర్, నేను చెప్పేది మీ అందరికీ పాతకాలపు మాటలా అనిపించవచ్చు. పేరు దాచుకుని చెప్పిన కష్టానికి జవాబు ఎవరికి చెప్పాలి? "మేం చూశాం, కుదరదు" అంటే ఎదురు ప్రశ్న వేసేదెవరు? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే వందమంది, ఆపైన కార్మికులున్న చోట వర్క్స్ కమిటీ వేయించవచ్చని చెప్పింది. కార్మికుల ప్రతినిధుల సంఖ్య యాజమాన్యం వారి సంఖ్యకు తగ్గకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ కమిటీ ఉంది. 20 మంది, ఆపైన ఉన్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ కూడా ఉండాలి. మాకు మా ప్రతినిధి ఉండేవాడు. వందమంది మాటను తన పేరు మీద చెప్పేవాడు. ఇవేవీ లేకుండా ఫోనులో నాలుగు నక్షత్రాలు నొక్కించి కార్మికుల మనసు తెలిసిందంటే నేను ఒప్పుకోను.

చీపురుపల్లి:
పెద్దాయనా, మీ కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది ఉండేవారు? గడియ సంగతి మా వార్డు బాయ్‌లు ఉన్న కమిటీలో నేను చెప్పగలిగేదాన్ని కాదు.

నెల్లిమర్ల పెద్దాయన:
ఉండేవారు కాదమ్మా. మీరన్నది నిజం. కొత్త కోడ్ ప్రకారం ఫిర్యాదుల కమిటీలో మహిళలకు వారి సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. ఆ చోటు మీరు అడిగి తీసుకోవాలి.

రాజాం కుర్రాడు:
నాదొక్క ప్రశ్న. "అందరికీ టీమ్స్ ఉంది" అన్నారు మేడమ్. అందరూ అంటే ఎవరు? నేను ఆ పక్క ప్లాంటులోనే కాంట్రాక్టరు కింద డ్రమ్ములు ఎత్తుతాను. మాకు ఈమెయిల్ లేదు, టీమ్స్ లేదు. సాల్వెంట్ వాసన పీల్చేది మేమే. గ్లౌజులు చిరిగాయని చెప్పాలంటే ఎవరికి చెప్పాలో తెలియదు.

నాగావళి ఒడ్డు:
ఇదీ అసలు సంగతి తమ్ముడూ. యాప్‌లో ఉన్నవాళ్లనే అడిగితే, ఏసీ గదిలో కూర్చునేవాళ్ల అభిప్రాయమే ప్లాంటు అభిప్రాయంగా పైకి వెళ్తుంది.

మేడమ్, నాకు ఇంకో సందేహం ఉంది, దీనికి మాత్రం మీరే జవాబివ్వాలి. మా ల్యాబులో ఎవరో సర్వేలో అభిప్రాయం రాసే చోట "ఫలానా బ్యాచ్ ఫలితం మార్చి రాయించారు" అని రాశారనుకోండి. మందుల కంపెనీలో అది చిన్న మాట కాదు, విచారించక తప్పదు. లేదా ఒక అమ్మాయి తనతో ఒకాయన అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడని రాసింది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం ఆ ఫిర్యాదు ఆమె రాతపూర్వకంగా, మూడు నెలల్లోపు, అంతర్గత కమిటీకి ఇవ్వాలి. సర్వేలో రాసింది ఫిర్యాదు కింద చెల్లదు. అప్పుడు మీరేం చేస్తారు? మంచి ఉద్దేశంతోనే, ఆమెకు సాయం చేద్దామనే, "ఇది రాసిందెవరో చూడండి" అని ఐటీ వారిని అడుగుతారు. నా విషయంలో మా మేనేజరుదీ మంచి ఉద్దేశమే. గుట్టు ఎప్పుడూ శత్రువుల వల్లే బయటపడదు.

పైడిభీమవరం హెచ్‌ఆర్:
అందరికీ నమస్కారం. ఉదయం నుంచి చదువుతూనే ఉన్నాను.

నాగావళి గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది: వెతకను. వెతకబోమని యాజమాన్యంతో రాయించి, సర్వే మొదటి వాక్యంగా పెడతాను. బ్యాచ్ సంగతి లాంటిది వస్తే రాసినవారిని కాదు, ఆ బ్యాచ్ రికార్డులను తీయిస్తాం. కాగితాలే సాక్ష్యం చెబుతాయి. వేధింపు సంగతి వస్తే అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అన్ని షిఫ్టులకూ మళ్లీ పంపుతాం. ఆ అమ్మాయి తానుగా వచ్చే దారి తెరిచి ఉంచడం వరకే మా హక్కు.

టీమ్స్‌లో పెట్టడం లేదు. లాగిన్ లేని లింకుతో క్యూఆర్ కోడ్ పెడతాం. షిఫ్టు, అనుభవం అడగం. విభాగం ఒక్కటే అడుగుతాం, పదిమంది లోపు ఉన్న విభాగాలను కలిపి ఒకటిగా చూపిస్తాం. ఎక్సెల్ నా దగ్గరే ఉంటుంది, మేనేజర్లకు మొత్తాలే వెళ్తాయి. రాసిన వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు ఎవరికీ పంపను.

నాగావళి ఒడ్డు:
అంటే మీరొక్కరూ అన్నీ చదువుతారు.

పైడిభీమవరం హెచ్‌ఆర్:
అవును. దానికి నా దగ్గర ఇంకా దారి లేదు. బయటి సంస్థకు ఇవ్వాలంటే బడ్జెట్ అడగాలి.

నెల్లిమర్ల పెద్దాయన:
బడ్జెట్ అక్కర్లేదమ్మా. చదివేటప్పుడు కార్మికుల వైపు నుంచి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

రాజాం కుర్రాడు:
మా సంగతి?

పైడిభీమవరం హెచ్‌ఆర్:
క్యూఆర్ కోడ్ క్యాంటీన్‌లో, గేటు దగ్గర కూడా అంటిస్తాం, ప్రశ్నలు తెలుగులోనే ఉంటాయి. కాంట్రాక్టర్లు అభ్యంతరం చెబుతారని మా వాళ్లంటున్నారు. సోమవారం వాళ్లతో సమావేశం ఉంది, అక్కడ అడుగుతాను. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.