సబ్‌వూఫర్ అవుట్‌పుట్ లేని స్టీరియో ఆంప్లిఫయర్‌కు సబ్‌వూఫర్ కలపడం ఎలా?

పాతరేడియో (ప్రశ్న)

నా దగ్గర రెండు ఛానళ్ల పాత ఆంప్లిఫయర్ ఒకటి, 5 అంగుళాల వూఫర్లున్న చిన్న స్పీకర్లు రెండు ఉన్నాయి. గాత్రం, వయొలిన్ చక్కగా వినిపిస్తాయి గాని మృదంగం తొప్పి నాదంలో లోతు రావడం లేదు. అందుకని సొంత ఆంప్లిఫయర్ ఉన్న 10 అంగుళాల సబ్‌వూఫర్‌ను (లోతైన నాదాల కోసమే చేసిన స్పీకర్‌ను) సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. నా ఆంప్లిఫయర్‌కు స్పీకర్ టెర్మినళ్లు, టేప్ అవుట్ (క్యాసెట్ రికార్డర్‌కు సిగ్నల్ పంపే సాకెట్), ముందువైపు హెడ్‌ఫోన్ సాకెట్ తప్ప సబ్‌వూఫర్ కోసం వేరే అవుట్‌పుట్ లేదు. సబ్‌వూఫర్‌కు మాత్రం ఆర్‌సీఏ (గుండ్రని పిన్ను కేబుళ్ల) ఇన్‌పుట్లూ, స్పీకర్ వైర్లు బిగించే ఇన్‌పుట్లూ రెండూ ఉన్నాయి. 8 ఓమ్‌ల స్పీకర్లున్న టెర్మినళ్లకే దీన్నీ తగిలిస్తే ఓమ్‌లు సగానికి పడిపోయి ఆంప్లిఫయర్ కాలిపోతుందని షాపులో భయపెట్టారు. టేప్ అవుట్ నుంచి తీసుకోవచ్చా?

సోల్డర్‌వాసన

టేప్ అవుట్ వద్దండి. అక్కడి సిగ్నల్ వాల్యూమ్ నాబ్‌కు ముందే బయటికి వచ్చేస్తుంది కాబట్టి, మీరు శబ్దం తగ్గించినప్పుడు స్పీకర్లు తగ్గుతాయి గాని సబ్‌వూఫర్ అదే జోరులో మోగుతూ ఉంటుంది. హెడ్‌ఫోన్ సాకెట్‌లో పిన్ను పెడితే చాలా ఆంప్లిఫయర్లలో స్పీకర్లు ఆగిపోతాయి. మీకు మిగిలింది స్పీకర్ టెర్మినళ్లే, నన్నడిగితే మంచి దారి కూడా అదే.

షాపువారు చెప్పింది సొంత ఆంప్లిఫయర్ లేని సబ్‌వూఫర్ విషయంలో నిజం. మీ దానిలో స్పీకర్ వైర్ల ఇన్‌పుట్ సిగ్నల్‌ను గ్రహిస్తుందే తప్ప కరెంటును లాగదు. దాని నిరోధం సాధారణంగా వేల ఓమ్‌లలో ఉంటుంది. 1,000 ఓమ్‌లే అనుకున్నా, 8 ఓమ్‌ల స్పీకర్‌కు సమాంతరంగా కలిపితే ఆంప్లిఫయర్‌కు కనబడేది 7.94 ఓమ్‌లు. అందువల్ల లావు వైరు కూడా అక్కర్లేదు.

ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ రెండింటి కరెంటు ప్లగ్గులూ తీసేసి, స్పీకర్ల వైర్లను ఉన్నచోటనే ఉంచి, అవే టెర్మినళ్ల నుంచి కుడి, ఎడమ ఛానళ్లకు వేర్వేరుగా వైర్లు తీసి, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు సబ్‌వూఫర్‌కు బిగించండి.

మల్టీమీటర్

పై సలహా సరైనదే గాని, ఇది చదివే మిగతావారి కోసం ఒక హెచ్చరిక. ఈమధ్య వస్తున్న చిన్న క్లాస్ డి (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ పనిచేసే రకం) ఆంప్లిఫయర్లలో చాలావాటికి నల్ల టెర్మినల్ గ్రౌండ్ (సిగ్నల్ లేని సున్నా వైపు) కాదు, ఎరుపులాగే దానిలోనూ సిగ్నల్ ఉంటుంది. అలాంటివాటిలో రెండు ఛానళ్ల నలుపులు సబ్‌వూఫర్ లోపల ఒకటైపోతే ఆంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. ఆంప్లిఫయర్ ఆఫ్‌లో ఉండగా, వైర్లన్నీ తీసేసి, నల్ల టెర్మినల్‌కూ ఆర్‌సీఏ సాకెట్ బయటి రింగుకూ మధ్య మీటర్ పెట్టి చూడండి. దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తే నలుపు గ్రౌండేనని అనుకోవచ్చు. లేకపోతే సబ్‌వూఫర్ తయారీదారు మాన్యువల్‌లో ఏం చెప్పారో చూడకుండా కలపవద్దు.

పాతరేడియో

మీటర్ సున్నా చూపించింది, కలిపాను, మోగుతోంది. ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే పాట లేనప్పుడు సన్నగా హమ్ (గుయ్‌మనే మోత) వస్తోంది. కొన్ని స్వరాల దగ్గర గది దద్దరిల్లుతోంది, మరికొన్ని అసలు వినిపించవు. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. సబ్‌వూఫర్ మూలన ఉంది, మేము గది మధ్యలో కూర్చుంటాం.

మల్టీమీటర్

హమ్ సంగతి ముందు చూద్దాం. రెండు ప్లగ్గులనూ ఒకే బోర్డుకు పెట్టండి. ఆంప్లిఫయర్‌కు సెట్‌టాప్ బాక్స్ కలిపి ఉంటే దాని కేబుల్ ఊడదీసి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. హమ్ పోవచ్చు గాని షాక్ కొట్టే ప్రమాదం వస్తుంది.

ఇక స్వరాలు మాయమవడం గది చేసే పని. 12 అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర ఆ గోడ నుంచి ఈ గోడ దాకా స్థిర తరంగం (ముందుకు సాగకుండా ఒకేచోట నిలిచిపోయే తరంగం) ఏర్పడుతుంది; గోడల దగ్గర అది గట్టిగా, సరిగ్గా మధ్యలో దాదాపు శూన్యంగా వినిపిస్తుంది. మీరు కూర్చున్నది అక్కడే. కుర్చీని రెండు మూడు అడుగులు వెనక్కి జరపండి.

సోల్డర్‌వాసన

కుర్చీ జరపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ఇంకో పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌నే మీరు కూర్చునే చోట పెట్టి, లోతైన నాదమున్న పాట ఒకటి వేసి, గోడల వెంబడి వంగి నడుస్తూ వినండి. ఎక్కడ అన్ని స్వరాలూ సమంగా వినిపిస్తాయో అక్కడికే సబ్‌వూఫర్‌ను మార్చండి. మూలలో పెడితే శబ్దం పెరిగే మాట నిజమే గాని, మృదంగానికి ఆ గుబగుబ పనికిరాదు.

క్రాసోవర్ నాబ్‌ను (సబ్‌వూఫర్ ఎంత పై స్వరం వరకు మోగాలో నిర్ణయించేది) 60 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, స్పీకర్ల శబ్దంతో అతుకు తెలియకుండా పోయేవరకు కొద్దికొద్దిగా పెంచండి. 100 దాటితే శబ్దం ఏ పెట్టెలోంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. ఫేజ్ స్విచ్‌ను (సబ్‌వూఫర్ తరంగాన్ని తిరగేసేది) 0, 180 రెండింటిలోనూ పెట్టి చూసి, కూర్చున్నచోట బాస్ నిండుగా వినిపించేదాన్నే ఉంచండి. సబ్‌వూఫర్‌ను జరిపిన ప్రతిసారీ ఈ స్విచ్‌ను మళ్లీ పరీక్షించాలి.