ఎల్లుండికి ఇంగ్లీషులో ఒక్క మాట ఉందా?

అందరికీ నమస్కారం. బొబ్బిలి దగ్గర ఒక ఊరి బడిలో ఇంగ్లీషు చెబుతాను. గురువారం ఏడో తరగతికి రెండు వాక్యాలిచ్చి ఇంగ్లీషులో రాయమన్నాను: "మొన్న మా అమ్మమ్మ వచ్చింది. ఎల్లుండి వెళ్ళిపోతుంది." ఒక అమ్మాయి "డే బిఫోర్ ఎస్టర్‌డే" రాస్తుంటే గీత చివర చోటు చాల్లేదు, సగం మాట కింది గీతలో పడింది. తలెత్తి, "మేస్టారూ, మనకి ఒక్క మాటే కదా, ఆళ్లకి ఇన్నెందుకు?" అంది.

అప్పటికి "వాళ్ళకంతేనమ్మా" అని దాటేశాను. ఇంటికొచ్చాక మనసొప్పక పెద్ద డిక్షనరీ తీశాను. ఉన్నాయండీ! లాటిన్ నుంచి వచ్చాయి, కానీ ఎవరి నోటా వినపడవు.

లాటిన్‌లో క్రాస్ అంటే రేపు. పనిని రేపటికి నెట్టడమే ప్రొక్రాస్టినేట్. ఇది అందరికీ తెలిసిందే. ఎల్లుండికి లాటిన్ మాట పెరెండియే. దాన్నుంచి పెరెండినేట్, అంటే ఎల్లుండికి వాయిదా వేయడం. రోమన్ కోర్టుల్లో ఇలాంటి వాయిదాకు ప్రత్యేకంగా పేరే ఉండేది, కొంపెరెండినాషియో అని.

నాకు బాగా నచ్చింది మాత్రం హోడియర్నల్, అంటే నేటిది. లాటిన్ "హోక్ డియే", అంటే "ఈ రోజున", కలిసిపోయి "హోడియే" అయింది. మన "ఈ వేళ" కలిసిపోయి "ఇవాళ" అయినట్టే! ఎక్కడి రోము, ఎక్కడి బొబ్బిలి, నాలుక చేసే పని మాత్రం ఒకటే.

ఇక మొన్నకు న్యూడియస్‌టెర్షియన్. 1647లో నథానియెల్ వార్డ్ అనే ఆయన, రాజాస్థానంలో మొన్నటి ఫ్యాషన్ ఏమిటని ఆరా తీసే ఆడవాళ్ళను విమర్శిస్తూ ఈ మాట వాడాడు. లాటిన్‌లో "నుడియుస్ టెర్షియుస్" అంటే "ఇప్పటికి మూడో రోజు" అని అర్థం.

కింద కామెంట్లలో ఒక సభ్యురాలు అడిగారు: "మొన్న అంటే రెండు రోజుల కిందట కదండీ, మూడో రోజు ఎలా అవుతుంది?"

మంచి ప్రశ్న అమ్మా. రోమన్లు ఈ రోజును కూడా లెక్కలో వేసుకునేవారు. ఇవాళ ఒకటి, నిన్న రెండు, మొన్న మూడు. మలేరియాలో ఒక రకాన్ని ఇంగ్లీషు వైద్యంలో టెర్షియన్ ఫీవర్, అంటే మూడో రోజు జ్వరం, అంటారు. అది 48 గంటలకోసారి వస్తుంది. 72 గంటలకు వచ్చేది క్వార్టన్, అంటే నాలుగోది. నా చిన్నప్పుడు మా నాన్నకు ఈ టెర్షియన్ జ్వరం వస్తే, వణుకు వచ్చిన రోజు చుట్టూ మా అమ్మ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టేది. సోమవారం ఒక సున్నా, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి. సోమవారం నుంచి వేళ్ళు మడిచి చూడండి, బుధవారం మూడోదే. మన ఆయుర్వేదం కూడా రోజు విడిచి రోజు వచ్చే జ్వరాన్ని తృతీయకం అనే అంది, రెండు రోజులు విడిచి వచ్చేదాన్ని చతుర్థకం అంది. ఇది చూశాక చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

ఇంగ్లీషుకు సొంతంగా ఓవర్‌మారో అని ఎల్లుండికి చక్కటి మాట ఉండేది. 1535 నాటి ఇంగ్లీషు అనువాదం కవర్‌డేల్ బైబిల్లో కనిపిస్తుంది. జనం వాడడం మానేశారు, అది పోయింది. నా బెంగంతా ఇక్కడే. మా బడి పిల్లల్లో కొందరు తెలుగులో మాట్లాడుతూనే "డే ఆఫ్టర్ టుమారో వస్తాను మేస్టారూ" అంటున్నారు. అన్నప్పుడల్లా ఆపి, ఎల్లుండి అనిపిస్తున్నాను.

శుక్రవారం ఆ అమ్మాయికి పెరెండియే గురించి చెప్పాను. నోట్సు వెనక అట్ట మీద తెలుగు లిపిలో రాసుకుని, "మరి ఎల్లుండి తర్వాత రోజుకి?" అంది. నిఘంటువుల మాట ఆవలెల్లుండి చెప్పాను. మీ ఊళ్ళో ఆ రోజును ఏమంటారు? సాలూరు, పాలకొండ, టెక్కలి వైపువాళ్ళు తప్పకుండా రాయండి. సోమవారం క్లాసులో చెప్పాలి.