మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ తర్వాత బీటా పెరిగింది, నొప్పి కూడా ఉంది. ఇది మామూలేనా?

మారతహళ్లి నుంచి:
అందరికీ నమస్తే. మాది కడప, ఉద్యోగాల కోసం బెంగళూరులో ఉంటున్నాం. గర్భసంచిలో కాకుండా ఎడమ ట్యూబ్‌లో ప్రెగ్నెన్సీ అని స్కాన్‌లో తేలింది. ట్యూబ్ పగల్లేదు, గుండె చప్పుడు లేదు, బీటా హెచ్‌సీజీ (రక్తంలో ప్రెగ్నెన్సీ హార్మోన్) కూడా తక్కువే ఉంది కాబట్టి ఆపరేషన్ లేకుండా మందుతో చూద్దామని డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగో రోజు పరీక్షలో బీటా తగ్గకపోగా పెరిగింది. నిన్నటి నుంచి పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, కొంచెం బ్లీడింగ్. ఏడో రోజు మళ్ళీ రమ్మన్నారు, అప్పటిదాకా ఒకటే టెన్షన్. మందు పనిచేయలేదా? మా అత్తయ్యకి అబార్షన్ అయిందని మాత్రమే చెప్పాం, ఆవిడేమో బలానికని రోజూ పాలకూర పప్పు, మునగాకు వేపుడు చేసి పెడుతున్నారు. మళ్ళీ పిల్లల కోసం ఎప్పుడు ప్రయత్నించొచ్చో అడగాలన్నా భయంగా ఉంది.

హొరమావు అక్క:
చెల్లీ, నాకూ ఇదే జరిగింది, ఇదే ఇంజెక్షన్. నాలుగో రోజు బీటా పెరగడం చాలామందిలో ఉంటుంది, దాన్ని బట్టి మందు పనిచేయలేదని అనుకోవద్దు. డాక్టర్లు చూసేది నాలుగో రోజుకీ ఏడో రోజుకీ మధ్య తేడా. కనీసం 15 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు లెక్క, తగ్గకపోతే రెండో డోసు ఇస్తారు, కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది. రెండో డోసు అన్నారంటే అంతా చేయిదాటిపోయిందని కాదు. పరీక్ష మాత్రం ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకో, ల్యాబ్ మారితే అంకెలు సరిపోల్చలేం. ఏడో రోజు తగ్గినా అయిపోయినట్టు కాదు, పూర్తిగా పోయేదాకా వారం వారం రక్తం ఇవ్వాలి, కొందరికి నెల పైనే పడుతుంది. నాకు ఆ వారం వారం ఎదురుచూపే అన్నిటికంటే కష్టమనిపించింది. ఒళ్ళు నీరసం, నోట్లో పుళ్ళు, వికారం కూడా రావచ్చు.

అత్తయ్య విషయం మాత్రం ఇవాళే మాట్లాడు. ఈ మందు పనిచేసేదే ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకుని, అందుకే ప్రెగ్నెన్సీ కోసం వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు, మల్టీ విటమిన్లు ఆపేయాలి. మా డాక్టర్ ఆకుకూరలు కూడా కొన్నాళ్ళు తగ్గించమన్నారు, మీ డాక్టరమ్మని అడుగు. ఆవిడ ప్రేమతోనే చేస్తున్నారు, నిజం చెబితే అర్థం చేసుకుంటారు, నీక్కూడా గుండె బరువు దిగుతుంది.

స్టాఫ్ నర్స్, జయనగర్:
పై అక్క చెప్పింది సరైనదే. నొప్పి గురించి నేను చెబుతాను. ఇంజెక్షన్ తర్వాత మొదటి వారంలో నొప్పి రావడం మామూలే, కానీ అది మామూలు నొప్పా, ట్యూబ్ పగిలిన నొప్పా అన్నది ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చలేరండి. ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేసి నొప్పి ఉందని చెప్పండి. నొప్పి ఒక్కసారిగా ఎక్కువైనా, కళ్ళు తిరిగినా, స్పృహ తప్పేలా ఉన్నా, భుజం కొసన నొప్పి వచ్చినా (కడుపులో రక్తం కారితే అక్కడ తెలుస్తుంది), బ్లీడింగ్ ఎక్కువైనా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. బీటా తగ్గుతున్నప్పుడు కూడా ట్యూబ్ పగలొచ్చు, రిపోర్ట్ బాగుందని నిర్లక్ష్యం చేయొద్దు. బ్రూఫెన్, కాంబిఫ్లామ్ లాంటివి వేసుకోకండి, పారాసిటమాల్ సరిపోతుందేమో డాక్టర్‌నే అడగండి. బీటా పూర్తిగా పోయేదాకా మద్యం, కలయిక, బరువులెత్తడం, జిమ్ వద్దు, ఎండలో తిరగడం తగ్గించండి. మీ బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయితే యాంటీ డి ఇంజెక్షన్ గురించి కూడా డాక్టర్‌కి గుర్తుచేయండి.

ఒక భర్త, బెళ్ళందూరు:
అన్నగా ఒక మాటమ్మా. మీ ఆయనతో ఇవాళే కూర్చుని, రాత్రిపూట కూడా ఆపరేషన్ చేయగల ఆసుపత్రి మీ ఇంటికి దగ్గర్లో ఏదో చూసి పెట్టుకోండి. సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్ మీద ఇరుక్కుంటే ఎంతసేపో చెప్పలేం. రిపోర్టులన్నీ ఒక సంచిలో, ఫోన్‌లో ఫొటోలు కూడా. ఈ వారం నిన్ను ఒంటరిగా వదలొద్దని ఆయనకి చెప్పు.

మారతహళ్లి నుంచి:
అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టరమ్మకి ఫోన్ చేశాను, వెంటనే రమ్మని చూశారు, స్కాన్ చేసి రక్తం కారట్లేదన్నారు. అత్తయ్యకి చెప్పాం, ఆవిడ ఏడ్చేశారు, పాలకూర మాత్రం ఆపేశారు. మళ్ళీ ప్రెగ్నెన్సీ సంగతి ఎవరైనా చెప్పరా?

హొరమావు అక్క:
బీటా పోయాక కనీసం మూడు నెలలు ఆగమంటారు, మందు ఒంట్లోంచి పోవాలి కదా. ఆ తర్వాత ఫోలిక్ యాసిడ్ మళ్ళీ మొదలుపెట్టి ప్రయత్నించొచ్చు. మొదటి పీరియడ్ ఎక్కువగా అవ్వొచ్చు, కంగారుపడకు. ఒకసారి వచ్చినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి మళ్ళీ ట్యూబ్‌లో రావచ్చు, అందుకే టెస్ట్ పాజిటివ్ రాగానే డాక్టర్‌కి చెప్పి ఆరు వారాలప్పుడు స్కాన్ చేయించుకోవాలి. మిగతా తొమ్మిదిమంది సంగతి కూడా గుర్తుపెట్టుకో చెల్లీ. ఇది నువ్వు మెట్లు ఎక్కినందుకో, స్కూటీ నడిపినందుకో రాలేదు, ఎవరేమన్నా నమ్మకు. ఏడో రోజు రిపోర్ట్ రాగానే ఇక్కడ రాయి, ఎదురుచూస్తుంటా.