డీపీ అందరికీ కనిపిస్తే అది అందరిదీ అయిపోతుందా?

పర్లాకిమిడి అక్క:
మా అక్క కూతురు ఇక్కడే డిగ్రీ ఫైనలియర్. ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రైలు టైములు, రక్తం కావాలన్న కబుర్లు, పాతపట్నం వెళ్లే బండ్లు అన్నీ అందులోనే. పోయిన వారం ఆ గ్రూపులో ఒకాయన ఈ పిల్ల డీపీ, నంబరు తీసి సంబంధాల గ్రూపులో పెట్టేశారు. ఇంట్లో ఒక్క మాట అడగలేదు. మూడు రోజులు రాత్రి పదకొండు దాకా ఫోన్లే ఫోన్లు. ఆ డీపీ తన అన్న పెళ్లిలో అమ్మతో దిగింది. అక్కను కత్తిరించేశారు గానీ పిల్ల భుజం మీద ఆవిడ రెండు వేళ్లు మిగిలిపోయాయి. అది చూసి అక్క ఏడ్చేసింది. ఆయన్ని అడిగితే "దాచుకున్నదేం తియ్యలేదమ్మా, అందరికీ కనిపించేదే కదా" అన్నారు. మీరేమంటారు?

గుణుపురం మాస్టారు:
అమ్మా, రాత్రిపూట ఫోన్లు చెయ్యడం తప్పే. కానీ ఒడిశాలో ఉన్న మనకి తెలుగు సంబంధం దొరకడం ఎంత కష్టమో మీకూ తెలుసు. మా చెల్లెలి పెళ్లి నోటిమాట మీదే కుదిరింది. ఎవరో ఒకరు పూనుకోవాలి కదా. ఫోటో అందరికీ కనిపించేలా పెట్టుకుంది, నంబరు గ్రూపులో ఉంది. వద్దనుకుంటే సెట్టింగ్ మార్చుకోవాల్సింది.

బరంపురం కుర్రాడు:
మాస్టారూ, "పెట్టుకుంది" అన్న మాట దగ్గరే నా పేచీ. వాట్సాప్ ఖాతా తెరవగానే ప్రొఫైల్ ఫోటో అందరికీ కనిపించేలానే ఉంటుంది. అలా పెట్టింది కంపెనీ, పిల్ల కాదు. నేను మొబైల్ షాపులో పనిచేస్తాను. కొత్త ఫోన్ కొన్నవాళ్లు రింగ్‌టోన్ మార్చమంటారు, ప్రైవసీ సెట్టింగ్ చూపించమని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. నంబరు సంగతి ఇంకా కష్టం. మామూలు గ్రూపులో చేరితే అది సభ్యులందరికీ తెలిసిపోతుంది. టెలిగ్రామ్‌లో నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టుకోవచ్చు. సిగ్నల్ అనే యాప్‌లో 2024 నుంచి, మన నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి అది కనిపించదు. వాట్సాప్‌లోనూ కమ్యూనిటీ (గ్రూపుల్ని ఒకచోట కలిపేది) పెట్టి, అందులోని అనౌన్స్‌మెంట్ గ్రూపులో కబుర్లు వేస్తే, సభ్యుల నంబర్లు అడ్మిన్లకీ, ముందే సేవ్ చేసుకున్నవాళ్లకీ తప్ప మిగతావాళ్లకి కనిపించవు. అక్కా, మీ అడ్మిన్‌తో ఇది చెప్పి చూడండి.

రాయగడ వకీలు:
2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చారు. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తనంతట తాను బహిరంగం చేసిన వివరాలకి వర్తించదు. మాస్టారి వాదనకి ఉన్న బలం అంతవరకే. కంపెనీ సెట్టింగ్‌ను ముట్టుకోకపోవడం "తనంతట తాను" చెయ్యడం అవుతుందా? కాదనే నేను గట్టిగా నమ్ముతున్నాను.

పర్లాకిమిడి అక్క:
మాస్టారూ, మీ చెల్లెలి జాతకం ఊళ్లోకి ఎవరు పంపారు? మీ నాన్నగారే కదా? ఎవరి చేతికివ్వాలో ఆయన చూసుకుని ఇచ్చారు. ఫలానా ఇంటికి వెళ్లిందని మీ ఇంట్లో అందరికీ తెలుసు. మా పిల్ల ఫోటో ఎన్ని ఫోన్లలో ఉందో మాకు తెలియదు. మా వాకిట్లో ముగ్గు దారిన పోయేవాళ్లంతా చూస్తారు, వీధి గుమ్మం తీసే ఉంటుంది. అలాగని ఎవరూ నేరుగా వంటింట్లోకి రారు. చూడడం వేరు, పట్టుకుపోవడం వేరు. ఇప్పుడు పిల్ల సిమ్ తీసి పక్కన పెట్టేసింది. బ్యాంకులో, స్కాలర్‌షిప్‌లో ఉన్నది ఆ నంబరే. ఓటీపీ కావాలంటే మళ్లీ ఆ సిమ్ వెయ్యాలి, వెయ్యగానే మిస్డ్ కాల్స్ మెసేజ్‌లు వరసగా వచ్చి పడతాయి. ఫోన్ మోగితే చాలు, ఆ పిల్లకి టెన్షన్.

గుణుపురం మాస్టారు:
జాతకం మా నాన్నగారే పంపారమ్మా, నిజం. ముందు ఇంటివాళ్లని అడగాల్సింది, ఒప్పుకుంటున్నాను. ఆ సంబంధాల గ్రూపుల్లో నాకు తెలిసినవాళ్లున్నారు. ఏ గ్రూపో చెప్పండి, ఫోటో తీసెయ్యమని ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఇంకెక్కడికైనా పంపారేమో కూడా అడుగుతాను. కానీ నంబర్లన్నీ దాచేసుకుంటే ఈ పక్క మన పిల్లలకి సంబంధాలు ఎలా వెతకాలో మాత్రం నాకు అర్థం కావడం లేదు.