సమస్య: "కవిత చంపి లెక్కగట్టె ఘనుడు"

పర్యవేక్షకుడు:
మిత్రులారా, ఈ వారం పాదం పైన ఇచ్చాను. నిన్న రాత్రి మా అమ్మాయి ప్రాబబిలిటీ చదువుకుంటూ "నాన్నా, ఈ మార్కోవ్ గొలుసులు, అంటే ప్రతిదీ తన ముందున్నదాని మీద ఆధారపడే వరసలు, ఎక్కడ పుట్టాయి?" అని అడిగింది. వాటికి రష్యన్ కవి పుష్కిన్ పద్యంతో చుట్టరికం ఉందని చెబుతుంటే ఈ పాదం దానంతట అదే నోట్లోకి వచ్చింది. 1913 జనవరి 23న రష్యన్ గణితజ్ఞుడు ఆండ్రేయ్ మార్కోవ్ పీటర్స్‌బర్గ్ సైన్సు అకాడమీలో చదివిన వ్యాసం సంగతి ఇది. పుష్కిన్ పద్యనవల 'యెవ్‌గేనీ ఒనేగిన్' మొదటి అధ్యాయం మొత్తం, రెండో అధ్యాయంలో 16 పద్యాలు తీసుకున్నాడు. ఖాళీలు, చుక్కలు, కామాలు తీసేసి 20,000 అక్షరాలు వరసగా రాసుకున్నాడు. అడ్డం పది, నిలువు పది గళ్లతో 200 పట్టీలు వేసి, అచ్చులెన్నో హల్లులెన్నో చేత్తో లెక్కపెట్టాడు. రాముణ్ణీ కృష్ణుణ్ణీ ఈసారికి వదిలేసి, ఈ మనిషి మీదే పూరించండి.

గోదారి గట్టు:
నా ప్రయత్నం:

చుక్క లూడబెరికి సొగసులన్ జూడక
రెండు పదుల వేలు ఖండములుగ
అచ్చు హల్లు లనుచు నటునిటు విడదీసి
కవిత చంపి లెక్కగట్టె ఘనుడు

పాలపిట్ట:
"రెండు పదుల వేలు ఖండములుగ"! "రెండు", "ఖండ" రెండో అక్షరం కలిసి ప్రాసయతి ఎంత హాయిగా పడిందండీ. ఇరవై వేలను ఆటవెలదిలో ఎలా ఇముడుస్తారా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను.

తెనాలి మాస్టారు:
ప్రాసయతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ గట్టు గారూ, రెండో పాదం చివర "ఖండములుగ", మూడో పాదం మొదట "అచ్చు". అచ్చు మీద అచ్చు కూర్చుంది. "ఖండములుగ" చివర నకారం దాగున్న ద్రుతాంతం కదా, "నచ్చు" కావాలి. యతికి ఏ ఇబ్బందీ రాదు. పాదాంతంలో విసంధి, అంటే సంధి చేయకపోవడం, ఫరవాలేదని ఈ మధ్య చాలామంది అంటున్నారు. నేను అనను. అందులోనూ అచ్చుల లెక్క మీద రాసే పద్యంలో అసలే అనను.

గోదారి గట్టు:
మాస్టారూ, పాదాంతంలో ఊపిరి తీసుకుంటాం. ఆ ఆగడంలో సంధి ఎందుకు?

లెక్కల టీచర్:
గట్టు గారూ, మార్కోవ్ ఆ ఊపిరి కూడా ఇవ్వలేదు. పాదం, పద్యం అని చూడకుండా అన్నీ కలిపి ఒకే వరస చేశాడు. కాబట్టి ఈ విషయంలో నేను మాస్టారి పక్షం.

అసలు ఆ లెక్కలో ఏం తేలిందో చెప్పాలని ఉంది. 20,000 అక్షరాల్లో 8,638 అచ్చులు, 11,362 హల్లులు. అంటే నూటికి 43 అచ్చులు. అక్షరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తే, ముందు ఏముందన్న దానితో నిమిత్తం లేకుండా తర్వాతది అచ్చు కావడానికి అవకాశం ఆ 43 దగ్గరే ఉండాలి. కానీ అచ్చు వెనకాల అచ్చు వచ్చింది 1,104 సార్లే, నూటికి 13 కూడా కాదు. హల్లు వెనకాల అచ్చు వచ్చేది నూటికి 66. ఇప్పుడు రాసిన అక్షరం తర్వాతి అక్షరాన్ని లాగుతోందన్నమాట. మన సంధిసూత్రం చేసే పని కూడా అదే కదా! ఆ పట్టీలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. క్లాసులో గొలుసుల పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల చేత ఒక వంద అక్షరాలు గళ్లలో రాయిస్తాను. చేత్తో రాస్తేగానీ ఆ పని బరువు తెలియదు.

గండపెండేరం:
అందరూ పుష్కిన్ దగ్గరే ఆగిపోయారు. మార్కోవ్‌ను ఆ లెక్కకు తోసింది మాస్కో ప్రొఫెసరు పావెల్ నెక్రాసోవ్‌తో పడిన తగవు. సంఖ్య పెరిగేకొద్దీ సగటు నిలకడ పడాలంటే ఘటనలు ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదు, అది తప్పనిసరి అని 1902లో నెక్రాసోవ్ రాశాడు. దాన్ని పట్టుకుని మనుషులు స్వేచ్ఛగానే నడుచుకుంటారని వాదించేదాకా వెళ్లాడు. ఒకదానిమీద ఒకటి ఆధారపడినా నిలకడ వస్తుందని 1906లో మార్కోవ్ రుజువు చేశాడు. అందుకే:

స్వేచ్ఛ యున్నగాని చేకూర దను మాట
గొలుసు గట్టి చూపి గూల్చివైచి
గణితమందు జొచ్చి కలిసిన యట్టి య
కవిత చంపి లెక్కగట్టె ఘనుడు

చంపింది కవితను కాదు, అకవితను.

పాలపిట్ట:
ఆహా! "గొలుసు గట్టి" దగ్గరే చప్పట్లు కొట్టాను. "య" చూశాక మళ్లీ మొదటినుంచి చదివాను.

తెనాలి మాస్టారు:
విరుపు చక్కగా కుదిరింది. అయితే "కలిసిన యట్టి"లో "యట్టి" చేసే పనేముంది? గణం నింపడానికి వచ్చింది. ఇంకో సంగతి. ఉగాది సమస్యకు కూడా గండపెండేరం గారు మూడో పాదం చివర "య" పెట్టే గట్టెక్కారు. అప్పుడు నేను మెచ్చుకున్నాను. రెండోసారి అదే తాళంచెవి తీస్తే తలుపు తెరుచుకుంటుంది గానీ ఆశ్చర్యం ఉండదు.

గండపెండేరం:
మాస్టారూ, ఉగాది పూరణ ఇప్పుడెందుకు? అప్పుడు మీరు రాసిన తేటగీతిలో రెండో పాదం యతి తప్పిందని నేను చెప్పినది మీరింకా మరిచిపోలేదు, అంతే. "యట్టి" బలహీనమని నాకూ తెలుసు. "అకవిత" మాత్రం కదపను. తర్కం లేని చోట గణితం భాష వాడితే దానికి ఇంతకంటే మంచి పేరు దొరకదు.

పర్యవేక్షకుడు:
ఉగాది చర్చకు దారం వేరే ఉంది, అక్కడ తేల్చుకోండి. నెక్రాసోవ్ తగవు మాత్రం సరైన చోటే తగిలింది. మార్కోవ్‌కు "ఉగ్ర ఆండ్రేయ్" అని పేరుండేది. రచయిత గోర్కీ అకాడమీకి ఎన్నికవడాన్ని 1902లో జారు రద్దు చేయిస్తే నిరసన తెలిపాడు. 1908లో ప్రొఫెసర్లు విద్యార్థుల మీద కన్నేసి ఉంచాలని సర్కారు ఆదేశిస్తే, ఆ పని చేయనని రాసిచ్చాడు. టాల్‌స్టాయ్‌ని వెలివేసిన చర్చి తనను కూడా వెలివేయాలని 1912లో తానే అర్జీ పెట్టుకున్నాడు.

లెక్కల టీచర్:
నాకు ఆ ఉగ్రత్వం కన్నా ఆయన బడి ఎక్కువ గుర్తుంటుంది. ర్యజాన్‌లో 1856లో పుట్టాడు. మోకాలి జబ్బుతో చిన్నప్పుడు చంకకర్రల మీద నడిచాడు. పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో గణితజ్ఞుడు చెబిషెవ్ దగ్గర చదివి, 1880 నుంచి అక్కడే పాఠం చెప్పాడు. 1905లో రిటైరయ్యాక కూడా ప్రాబబిలిటీ క్లాసు వదల్లేదు. 1917లో, అంత విప్లవ కల్లోలంలో, జరాయ్‌స్క్ అనే చిన్న ఊరికి వెళ్లి బళ్లో జీతం లేకుండా లెక్కలు చెప్పాడు. అప్పటికి అరవై దాటాయి, అకాడమీ సభ్యుడు. 1922లో, అప్పటికి పెట్రోగ్రాడ్ అని పేరు మారిన పీటర్స్‌బర్గ్‌లోనే పోయాడు. అలాంటి మనిషి కవితను చంపాడంటే నాకు మనసొప్పలేదు:

ప్రాసయతులు మనము పరికించునట్టులే
నాడి పట్టి చూచినట్టివాని
బల్కనేల యిట్లు పండితులైనను
"కవిత చంపి లెక్కగట్టె ఘనుడు"

గోదారి గట్టు:
అమ్మా, ఇది నా పద్యానికి జవాబు కదా! మొదటి పాదంలో "మనము" అన్నారు చూడండి, అక్కడ దొరికిపోయాను. రోజూ గురువులూ లఘువులూ వేళ్ల మీద లెక్కపెట్టే మనకు ఆయన్ని అనే హక్కెక్కడిది?

తెనాలి మాస్టారు:
భావం ఈ దారంలో ఇదే ముందు. కానీ "నాడి"కి "చూచినట్టి"లో "న"తో యతి వేశారు. చూచిన + అట్టి. అక్కడ యతి అకారానికి చెల్లాలి. మీరు వేసింది అఖండయతి.

లెక్కల టీచర్:
అఖండయతి వాడినవాళ్లు ఉన్నారు మాస్టారూ.

తెనాలి మాస్టారు:
ఉన్నారు. తప్పు కాదు, ఒప్పుకున్నవాళ్లకు ఒప్పే. కానీ అవసరం లేకుండా ఎందుకు? "నాడి పట్టి చూచు నరుని గూర్చి" అనండి. తర్వాతి పాదం "పల్కనేల" అవుతుంది. ఎవరూ వేలు పెట్టలేరు.

గండపెండేరం:
"నరుని గూర్చి" నిజంగా బాగుంది. మాస్టారి సవరణను నేను మెచ్చుకోవడం ఇక్కడివాళ్లకు వింతగా ఉండొచ్చు, అయినా ఉన్న మాట చెప్పాలి. "నట్టివాని"లో నా "యట్టి"కున్న జబ్బే ఉంది.

లెక్కల టీచర్:
తీసుకున్నాను. "నరుని గూర్చి"నే ఉంచండి.

గోదారి గట్టు:
రాత్రి అన్నం తిన్నాక నా పద్యం గళ్ల కాగితం మీద రాశాను. టీచరమ్మ చెప్పినట్టు ఒక్కో గడిలో ఒక్కటే, అచ్చు వేరు, హల్లు వేరు, సున్నను హల్లుగా లెక్కవేసి. మూడో పాదాన్ని మాస్టారు చెప్పినట్టే "నచ్చు హల్లు" అని మార్చాను. మొత్తం 115 వచ్చాయి. 53 అచ్చులు, 62 హల్లులు. నూటికి 46 అచ్చులు, పుష్కిన్‌కు 43. ఇంత దగ్గరగా ఉంటాయని అనుకోలేదు. రెండుసార్లు సరిచూశాను.

అచ్చు వెనకాల అచ్చు ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూశాను. నేను మొదట పెట్టిన పద్యంలో ఒక్కసారి. మాస్టారి "న" చేరాక సున్నా.